యాత్రికుని ధర్మము

దేశాటనము విద్యలో నొక భాగమని మన పెద్దల మతము. గ్రంథములు చదివి తెలిసికొనునది సగము. కన్నులార చూచి, నలుగురితో మాటలాడి తెలిసికొనునది తక్కిన సగము. పాపికొండల నడుమ గోదావరి యెట్లు ఇరుకున పడి ప్రవహించునో పటమునందు చూచిన బాలునికంటె, పడవలో కూర్చుండి తల యెత్తి ఆ కొండలను చూచిన బాలునికే ఎక్కువగా తెలియును. అందుచేతనే తీర్థయాత్ర, విహారయాత్ర, విజ్ఞానయాత్ర అని పేళ్లు పెట్టుకొని మనమందరము ఏదో యొక సమయమున ఇల్లు విడిచి బయలుదేరుచుందుము.

యాత్రలవలని లాభములను గూర్చి బడిలో మీరును వ్యాసములు వ్రాసియుందురు. వినోదము, విజ్ఞానము, ఆరోగ్యము, స్నేహము అను నాలుగు లాభములును అందులో తప్పక చేరును. అవి యన్నియు మనకు కలుగు లాభములే. మనము చూడబోయిన ఊరికి, ఏటికి, కొండకు, అడవికి మన రాకవలన కలుగునది లాభమా, నష్టమా? ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు పాఠములు చెప్పి, పిల్లలను వెంటబెట్టుకొని పలుచోట్ల తిరిగినవాడను గనుక ఈ ప్రశ్నను మీ ముందుంచుటకు నాకు కొంత చనువు కలదు.

తెలుగున యాత్రలను గూర్చి ముచ్చటించువారు మొదట తలచుకొనవలసిన పుణ్యపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణమున సుప్రీంకోర్టులో ఉద్యోగి. 1830వ సంవత్సరము మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా ఆయన ప్రయాణము సాగినది. పదునైదు మాసములకు పైగా పట్టిన ఆ యాత్రలో ఏ ఊరిలో నీరు దొరకును, ఏ ఊరిలో అంగళ్లున్నవి, ఏ దారి రాతిదారి, ఏ దారి ఇసుకదారి, జనుల ఆచారములెట్టివి అను విషయములను ఆయన శ్రద్ధగా వ్రాసియుంచెను. 1838లో అచ్చుపడిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికిని మనకు విలువైన గ్రంథము.

ఆ కాలపు యాత్రికునికి మజిలీ చేసిన ప్రతి ఊరితోను పని యుండెను. త్రాగుటకు నీరు కావలెను. వంటకు కట్టెలు కావలెను. తలదాచుకొనుటకు సత్రమో, చెట్టునీడయో కావలెను. ఊరివారి దయ లేక ఒక పూటయైనను గడువదు. దయను కోరినవాడు ఆ ఊరి బావిని పాడుచేయుటకు వెనుదీయును. అతడు తెచ్చుకొనిన సద్దిమూట గుడ్డలో నుండెను. తినిన విస్తరి ఆకుతో కుట్టినది. నీళ్లు త్రాగినది తన చెంబుతో. అతడు లేచిపోయిన వెనుక మూడు రాళ్ల పొయ్యియు, పిడికెడు బూడిదయు మిగిలెడివి. ఒక్క వాన కురిసిన అదియు కరగిపోయెడిది.

అట్లని పాతకాలపు యాత్రలన్నియు నిర్దోషములని నేననను. పందొమ్మిదవ శతాబ్దమున పెద్ద తిరునాళ్లలో నీరు చెడి కలరా జాడ్యము పుట్టుటయు, ఇండ్లకు మరలిపోవు యాత్రికులతోపాటు అది పల్లెపల్లెకు ప్రాకుటయు చరిత్రలో నున్న సంగతియే. జనము గుమిగూడినచోట నేలకును, నీటికిని కష్టము నాడును కలిగెను. నేడు జనము పెరిగినది, వాహనము పెరిగినది, వేగము పెరిగినది. భోజనము, నీరు, నీడ అన్నియు మన వాహనములోనే యున్నవి. అందుచేత త్రోవలోని ఊరికి మనము ఋణపడియున్నామను తలంపు మనకు కలుగుట లేదు. మట్టిలో కరగని వస్తువులను మాత్రము ఆ ఊరికి విడిచి వచ్చుచున్నాము.

మాట మాటగా చెప్పుటకంటె ఒక క్షేత్రమును తీసికొని చెప్పినచో విషయము తేటపడును. నల్లమల కొండలలో కృష్ణానదికి కుడిగట్టున శ్రీశైలము కలదు. ద్వాదశ జ్యోతిర్లింగములలో నొకటియు, అష్టాదశ శక్తిపీఠములలో నొకటియు ఒక్కచోటనే వెలయుట ఈ క్షేత్రము విశేషము. పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి ఈ కొండకు సోపానములు కట్టించెను. ఆత్మకూరు చేరువనున్న వెంకటాపురమునుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారమును చేరు అడవిదారి యొకటి కలదు. శివరాత్రికిని, ఉగాదికిని వేలకొలది భక్తులు నేటికిని ఆ దారిన కాలినడకతో వత్తురు. ఉగాదికి కన్నడదేశమునుండి వచ్చు భక్తులు మిక్కిలిమంది.

భక్తునికి అది మల్లన్న కొండ. పులికి అది ఇల్లు. 1983లో ఈ అరణ్యము వ్యాఘ్ర సంరక్షణ పథకము క్రిందికి వచ్చెను. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిమ్మట తెలంగాణములోని భాగమునకు అమ్రాబాదు అను పేరు కలిగెను. ఆంధ్రప్రదేశములోని భాగము నాగార్జునసాగరము, శ్రీశైలముల పేరనే నిలిచినది. పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, దుప్పి మున్నగు మృగములకు ఇది ఆటపట్టు. దేశములోని పులుల అడవులలో మిక్కిలి విశాలమైనవానిలో ఇదియు నొకటి.

దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు దారిలో రాత్రి తొమ్మిది గంటలు మొదలు ఉదయము ఆరు గంటలవరకు అటవీశాఖవారు వాహనములను పోనీయరు. దర్శనమునకు పోవువారు కొందరు ఆ గేటువద్ద నిలిచి విసుగుకొనుట నేను చూచితిని. చీకటిపడిన పిమ్మట మృగములు నీటికై, మేతకై ఒక కొండనుండి మరియొక కొండకు దాటును. వాటి దారికి మన దారి అడ్డముగా నున్నది. వాహనదీపముల వెలుగు కన్నులలో పడగానే దుప్పి కదలలేక రోడ్డు నడుమనే నిలిచిపోవును. పగలు మనకు, రాత్రి వాటికి అని యేర్పరచిన పంపకమే ఆ గేటు. అన్నదమ్ముల పంపకములో ఇంతకంటె న్యాయము దొరకుట అరుదు.

2011వ సంవత్సరము డిసెంబరు మాసమున నేను పనిచేయుచున్న పాఠశాలనుండి తొమ్మిదవ తరగతి పిల్లలు ముప్పదియెనిమిది మందిని శ్రీశైలయాత్రకు తీసికొనిపోతిమి. ఉపాధ్యాయులము ముగ్గురము. గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలులో మార్కాపురం రోడ్డు స్టేషనువద్ద దిగి, అచ్చటినుండి ఆర్టీసీ బస్సులో కొండ యెక్కుట మా యేర్పాటు. బయలుదేరుటకు వారము ముందుగా పిల్లలే తరగతిలో కూర్చుండి మూడు నియమములు వ్రాసికొనిరి. ఎవరి నీళ్ల సీసా వారు ఇంటినుండి తెచ్చుకొనవలెను. భోజనమునకు అడ్డాకు విస్తళ్లే వాడవలెను. గోనెసంచులు రెండు వెంట తీసికొనిపోయి, కూడిన చెత్తనంతయు అందులో వేసి మరల ఊరికి తేవలెను. మూడవ నియమమును విని కొందరు తల్లిదండ్రులు నవ్విరి. చెత్తను మోసికొని వచ్చు యాత్రను వారు అంతవరకు కనలేదు.

దోర్నాల దాటి కొండదారి పట్టిన కొంతసేపటికి ఒక మలుపువద్ద మా బస్సు నెమ్మదించెను. ముందు ఒక కారు రోడ్డు ప్రక్క ఆగియుండెను. అందులోనివారు పుణ్యమని తలచి కోతులకు అరటిపండ్లు విసరుచుండిరి. పండు రోడ్డుకు ఈవల పడిన కోతులు ఈవలకు, ఆవల పడిన ఆవలకు దుముకుచుండెను. మా పిల్లలు కిటికీలవద్ద చేరి కేరింతలు కొట్టుచుండిరి. కొందరి చేతులలో వేరుసెనగకాయల పొట్లములుండెను. ఇంతలో ఎదుటినుండి ఒక వాహనము మలుపు తిరిగి వచ్చెను. పండుకై పరుగెత్తిన పిల్లకోతి యొకటి దాని చక్రము క్రింద పడెను. తల్లి వచ్చి దానిని చేతులలోకి తీసికొని, రోడ్డు ప్రక్కనున్న పిట్టగోడ యెక్కి కూర్చుండి, దాని ముఖమును త్రిప్పి త్రిప్పి చూచుచుండెను. కారు వెళ్లిపోయెను.

బస్సులో ఎవరును మాటాడలేదు. డ్రైవరు కొంతదూరము పోయిన పిమ్మట, “ఈ మలుపుకాడ ఇది మామూలే సారూ. ముందు కోతులు ఈడ ఉండేటివి కావు. పండ్లు పడతన్నాయని దిగొచ్చినాయి. లోపల అడివిలో వాటికేం తక్కువ?” అనెను. వెనుకకు తిరిగి చూచితిని. పొట్లములు పట్టుకొనియున్న పిల్లలు, ఎవరును చెప్పకయే, వాటిని మడచి తమ సంచులలో పెట్టుకొనుచుండిరి. నేను సిద్ధము చేసికొనిన ఉపన్యాసము నాలోనే నిలిచిపోయెను. దానితో అవసరము లేకపోయెను.

జంతువునకు తిండి పెట్టుట పుణ్యమని మనము నమ్ముదుము. పెరటిలో ఆవుకు గడ్డి వేయుట, పిట్టకు గింజలు చల్లుట మంచిదే. అడవి జంతువు సంగతి వేరు. అది పండు తిని గింజను మరియొకచోట విడుచును. ఆ గింజ మొలచి చెట్టగును. రోడ్డువద్ద తిండి దొరకునని తెలిసిన కోతి అడవిని విడిచి రోడ్డునే కాచుకొనియుండును. అడవికి విత్తనములు చల్లు పని అంతమేరకు ఆగిపోవును. మనుష్యుని చూచిన భయము పోయి, చేతిలోని సంచిని లాగుట, కరచుట నేర్చును. ఉప్పు, నూనె, చక్కెర కలిసిన తిండితో దానికి రోగములు పుట్టును. కోతులు రోడ్డుకు చేరినచో వాటిని వెదకుచు చిరుతయు చేరును. ఆ దారిన కాలినడకను పోవు భక్తునికి అపాయము అచ్చటనే మొదలగును. ఒక్క అరటిపండు వెనుక ఇంత కథ యున్నది.

మరునాడు అటవీశాఖ ఉద్యోగి యొకరి వెంట ఒక చెంచుగూడెమునకు పోతిమి. ముందుగా కబురు పంపి, రమ్మన్న పిమ్మటనే పోతిమి. చెంచులు నల్లమలకు తొలి నివాసులు. తేనె, దుంపలు, కాయలు, పండ్లు ఏరుకొని జీవించుట వారి పూర్వాచారము. శ్రీశైల మల్లన్నను వారు తమ అల్లునిగా భావింతురు. చెంచు మల్లన్న యని పిలుచుకొందురు. అహోబిల నరసింహుడు పెండ్లాడిన చెంచులక్ష్మియు వారి ఆడుబిడ్డయే. కొండపైకి వచ్చువారు దైవమునకు భక్తులు. వీరు దైవమునకు చుట్టములు.

గూడెములోని వృద్ధుడొకడు పిల్లలకు దుంప త్రవ్వు గునపమును చూపెను. “గడ్డ తీసినంక తీగతో ఉన్న తలకాయ మళ్లా గుంటలో పెట్టి మన్ను కప్పుతాం. అంతా పెరుక్కుపోతే మరుసటేడు నా మనవడికి ఏముంటది?” అని చెప్పెను. మా పిల్లలలో ఒకడు, “తాతా, కొండకు ఇంతమంది వస్తారు గదా, మీకు సంతోషమేనా?” అని యడిగెను. వృద్ధుడు కొంత ఆలోచించి, “దేవుని చూడను వస్తారు, రావద్దంటామా? కాకుంటే మా ఇంట్లోనుంచి నడిచిపోతన్నారని యాద్ మరుస్తారు. పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీస్తారు. పేరన్నా అడగరు” అనెను.

ఆ మాటను నేను మరువలేదు. కొత్త ఊరికి పోయినపుడు అక్కడి మనుష్యులను మనము వింత వస్తువులవలె చూతుము. వారి ఇంటి గుమ్మమునకు ఎదురుగా నిలిచి, అడుగకుండ బొమ్మ తీసికొందుము. మన ఇంటి ముంగిట ఎవడైన పరదేశి నిలిచి, మన అమ్మ ముగ్గు వేయుచుండగా చెప్పక బొమ్మ తీసినచో మనమూరకుందుమా? ముందు నమస్కారము, పిమ్మట పేరు, ఆ తరువాత వారు సరేనన్నచో బొమ్మ. ఈ వరుస తప్పరాదు.

మూడు దినముల యాత్రలో ముప్పదియెనిమిది మంది పిల్లలు విడిచిన చెత్త సగము సంచికి మించలేదు. విస్తళ్లను పశువులకు పెట్టితిమి. తిరుగు ప్రయాణమునందు కొండమీద లోయ కనబడుచోట ఒక అరగంట బస్సు ఆపించితిమి. పిల్లలు ఆ కొద్దిమేరలోనే పడియున్న నీళ్ల సీసాలు, మిఠాయి కాగితములు, పలుచని సంచులు ఏరిరి. రెండవ గోనె నోటివరకు నిండెను. ఇంటినుండి తెచ్చిన సగము సంచిని, ఒక్కచోట ఏరిన నిండు సంచిని ప్రక్కప్రక్కను నిలిపి చూచినపుడు నియమమునకును, నియమము లేమికిని గల భేదము పిల్లలకు కన్నులయెదుట నిలిచినది.

ఆ సంచుల కథ అచ్చటితో ముగియదు. ఉప్పుడు పిండి, పులిహోర అంటిన ప్లాస్టిక్ సంచిని దుప్పి వాసన పట్టి మ్రింగును. అది కడుపులో అరగదు, బయటికి రాదు. కడుపు నిండినట్లుండి మేత మాని ఆ జంతువు క్రమముగా కృశించును. వేసవిలో ఆకు రాల్చు అడవి నల్లమల. ఎండిన గడ్డిలో ఆర్పక పారవేసిన బీడీ యొకటి చాలును, కొండయంతయు కాలును. 2022 జూలై 1వ తేదీనుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టములు మొదలగువానిని మన దేశమంతట నిషేధించిరి. తిరుమల కొండమీద ప్లాస్టిక్ నీటి సీసాలను నిలిపివేసిరి. చట్టము మేలే. చట్టము చేయువాడు ప్రతి మలుపువద్దను కావలి యుండలేడు. ఇంటినుండి తెచ్చుకొనిన నీళ్ల సీసా ఆ కావలివాని పని చేయును.

అతిథులను ఎట్లు ఆదరింపవలెనో నేర్పిన పల్లెలు మన దేశమున కొన్ని కలవు. సూళ్లూరుపేట చేరువ నేలపట్టు అను ఊరి చెరువులో, నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు వచ్చి గూళ్లు కట్టి పిల్లలను పెంచును. 1976లో దానిని పక్షుల రక్షితస్థలముగా ప్రకటించిరి. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువునీరు పొలమునకు బలమని అచ్చటి రైతులు ఎరుగుదురు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి సమీపమున తేలినీలాపురము కలదు. ఏటేట వానకాలము చివర గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును అచ్చటికి వచ్చి ఊరి చెట్లపై విడిది చేయును. అవి వచ్చుట ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకము. తమిళదేశమున శివగంగ జిల్లాలోని వేట్టంగుడి చెరువుల ప్రక్కనున్న పల్లెవారు పక్షులు బెదరునని ఎన్నో ఏండ్లుగా దీపావళికి టపాకాయలు కాల్చుట మానిరి. ఆ పల్లెల పిల్లలకు మాత్రము పండుగ సరదా లేదా? ఉన్నది. గూటిలోని పిల్ల ఉలికిపడి క్రింద పడునను తలంపు ఆ సరదాను గెలిచినది.

అట్టి ఊరికి మనము పోయి బస్సు దిగగానే పాటల పెట్టె మ్రోగించినచో, ఆ పల్లెవారు ఎన్నో ఏండ్లు కాపాడిన నిశ్శబ్దమును మనము ఒక్క నిమిషములో భంగపరచినవారమగుదుము. పక్షి బెదరి గూడు విడిచినంతసేపు గ్రుడ్లకు ఎండ తగులును, కాకి కాచుకొనియుండును. దూరదర్శినితో దూరమునుండి చూచుట, మెల్లగా మాటలాడుట, కొట్టవచ్చినట్లు కనబడు రంగుల గుడ్డలు కట్టుకొనక పోవుట ఇవియే అచ్చటి మర్యాదలు.

ప్రాణము గలవానికే కాదు, ప్రాణము లేని శిలకును మనవలన గాయము తగులును. 2019వ సంవత్సరమున హంపిలో నలుగురు యువకులు సరదాకు ఒక రాతిస్తంభమును పడద్రోసిరి. దాని దృశ్యము లోకమంతట ప్రాకెను. న్యాయస్థానము వారికి ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా విధించి, పడద్రోసిన స్తంభమును వారిచేతనే తిరిగి నిలబెట్టించెను. ఆ శిక్షలో నాకు నచ్చినది రెండవ భాగము. ఒక స్తంభమును నిలుపుటకు ఎంత బలము, ఎంత ఓర్పు కావలెనో వారి భుజములకు తెలిసినది.

1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చిరి. ఎనిమిది వందల ఏండ్లు నిలిచిన శిల్పముపై మేకుతో తన పేరు గీకినవాడు చరిత్రలో చేరినానని భ్రమపడును. పురాతన కట్టడములను గూర్చి 1958లో చేసిన చట్టమును 2010లో సవరించి, వానిని పాడుచేసినవారికి రెండేండ్లవరకు చెరసాల, లక్ష రూపాయలవరకు జరిమానా యని శిక్షను పెంచిరి. బొర్రా గుహలలోని శిలలు మనుష్యుడు చెక్కినవి కావు. సున్నపురాతి గుండ జారిన నీరు బొట్టుబొట్టుగా వేలకొలది యేండ్లు శ్రమించి వాటిని పేర్చినది. చేతి జిడ్డు అంటినచోట తరువాతి బొట్టులోని సున్నము సరిగా పేరుకొనదు. ముట్టి చూడవలెనని కోరిక పుట్టుట సహజము. ఆ కోరికను చేతిలోనే అణచుకొనుట సంస్కారము.

మన రాకవలన ఊరికి లాభము కలుగు మార్గములును కలవు. మనము ఖర్చుపెట్టు రూపాయి ఎవరి చేతిలో పడునో చూచుకొనుట అందులో మొదటిది. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే పాదయాత్రలో తొలి భూదానమును పొందిన ఊరు పోచంపల్లి. అచ్చటి నేతగాండ్రు దారమునకు ముందే రంగులద్ది నేసిన బట్టలు లోకమెరిగినవి. 2021లో ఐక్యరాజ్యసమితికి చెందిన పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొనెను. మగ్గము ప్రక్క కూర్చుండి, నేత చూచి, నేసినవాని చేతినుండి ఒక గుడ్డ కొనినచో ఆ మగ్గము మరికొన్ని దినములు ఆడును. ఏటికొప్పాకలో అంకుడు కర్రతోను, కొండపల్లిలో తెల్లపొణికి కర్రతోను బొమ్మలు చేయు కుటుంబములు కలవు. మన ఇంటి బొమ్మలకొలువులో ఆ బొమ్మ యొకటి చేరినచో యాత్ర జ్ఞాపకమును నిలుచును, వారి పొయ్యియు వెలుగును. బేరమాడుట తప్పు కాదు. పూటకూటికి పనిచేయువానితో పది రూపాయలకై పావుగంట పోరాడి గెలిచితిమని చెప్పుకొనుట మాత్రము గొప్పకాదు. అడవినుండి దొంగిలించిన చందనపు ముక్కను, కణితి కొమ్మును, నెమలి కాలిగోరును ఎవడైన రహస్యముగా అమ్మజూపినచో కొనరాదు. కొనువాడు లేనిదే వేటగాడు లేడు.

ఏ వాహనమున పోవలెనన్నదియు ధర్మవిచారములో భాగమే. వాహనములు విడుచు పొగవలన భూమి వేడెక్కుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. లోకమంతట అట్టి వాయువులలో సుమారు 8 శాతము పర్యాటకమువలననే కలుగుచున్నదని 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చినది. పోవుటకు రైలో, బస్సో యున్నచోట నలుగురు కలిసి దానిలో పోవుట మేలు. విశాఖపట్టణమునుండి అరకులోయకు సొరంగములగుండ పోవు రైలులో కూర్చుండి చూడుడు. కారునడుపువాడు మలుపులను మాత్రమే చూచును. రైలులోని మీరు లోయలను చూతురు. పండుగనాడు లక్షలాదిగా జనము చేరు క్షేత్రమునకు మామూలు దినమున పోయినచో ఊరికి ఊపిరి యాడును, మనకు దర్శనమును నిదానముగా దొరకును. ఒక దినములో ఐదు ఊళ్లు చూచివచ్చుటకంటె ఐదు దినములు ఒక ఊరిలో నుండుట వలన ఎక్కువ తెలియును.

శ్రీశైలమునుండి వచ్చిన పిమ్మట తరగతిలో ఒక బాలిక లేచి, “మాస్టారూ, మనం పోవడం వల్ల అడవికి ఇంత కష్టం గదండీ. అసలు పోకుండా ఇంట్లోనే ఉంటే మంచిది కదా?” అని యడిగెను. ఆ ప్రశ్న నన్ను చాల దినములు వెంటాడెను. నాకు తోచిన సమాధానమిది. మనుష్యుడు తాను చూడని దానికై కన్నీరు కార్చడు. నల్లమలను చూడని పిల్లలకు నల్లమల ఒక పరీక్షప్రశ్న. చూచిన పిల్లలకు ఆ తల్లికోతి, ఆ తాత, ఆ లోయ. రేపు ఆ అడవికి ఏదైన ఆపద కలిగినపుడు నోరువిప్పి అడుగువారు చూచినవారిలోనుండియే పుట్టవలెను. అంతేకాక, యాత్రికులపై ఆధారపడి బ్రదుకు చిన్న దుకాణములవారు, పడవవారు, త్రోవ చూపువారు ఎందరో కలరు. మారేడుమిల్లి వంటిచోట్ల వన సంరక్షణ సమితులలోని గిరిజనులే బసలను నడుపుకొనుచున్నారు. మనము రాకపోయినచో వారికి అడవిని కాపాడుటవలన వచ్చు ఆదాయము తగ్గును. కావున పోవలెను. పోవునపుడు ఇంటి యజమానులమని కాక, పిలువని చుట్టములమని తలచుకొని పోవలెను. ఆ బాలిక నా సమాధానమును విని, “అయితే కొన్ని చోట్లకు పోకుండా ఉండడం కూడా నేర్చుకోవాలి గదండీ” అనెను. అదియు నిజమే. పక్షులు పొదుగు గట్టును, మృగములు నీళ్లు త్రాగు మడుగును, మంది యిష్టపడని గూడెమును చూడకుండ తిరిగివచ్చుటకు చూచి వచ్చుటకంటె ఎక్కువ పెద్దరికము కావలెను.

అతిథిని దైవముగా పూజింపవలెనని మన ధర్మము గృహస్థునకు విధించినది. గృహస్థుని ధర్మమును గూర్చి మనము పలుమార్లు వినుచుందుము; అతిథి ధర్మమును గూర్చి వినుట తక్కువ. పెట్టినది తినుట, ఇల్లు గలవారి నిద్ర చెడగొట్టకుండుట, పోవునపుడు కూర్చున్నచోటు శుభ్రము చేసి పోవుట, ఇచ్చినదానికి సంతసించుట. మన అమ్మమ్మలు చుట్టాలిండ్లకు పంపునపుడు మనకు చెప్పిన మాటలివియే. కొండయు, అడవియు, చెరువును, పాతగుడియు మనకు చుట్టాలిండ్లు. ఈ యేడు మీ బడివారు విజ్ఞానయాత్రకు బయలుదేరునపుడు పోవలసిన ఊరి పేరు తెలియగానే రెండు ప్రశ్నలు వ్రాసికొనుడు. అచ్చట మనము చూడవలసినదేమి? మనము వెళ్లివచ్చిన మరునాడు ఆ ఊరివారు మనలను గూర్చి ఏమనుకొందురు? రెండవదానికి మంచి సమాధానము దొరకునట్లు నడచుకొనినవాడే యాత్రికుడు.